పుట్టింటికి వచ్చు పులస

ఆషాఢమాసమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినదనగానే తీరగ్రామములలో పులస మాట మొదలగును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత ఆ ప్రాంతముననే పుట్టినది. సికింద్రాబాదులో నివసించు మనకు ఈ చేప మంచుపెట్టెలలో వచ్చును; దాని వెల మనకు తెలియును గాని, దాని ప్రయాణము తెలియదు. ఆ ప్రయాణమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

సముద్రమున నున్నంతకాలము దీనిని ఇలస యందురు. వంగదేశీయులు ప్రాణప్రదముగా నెంచు ఇలీష్ ఇదియే. వరదనీరు కడలిలో కలియు వేళ ఇది ఏటికెదురీది నదిలో ప్రవేశించును. మంచినీట ఈదిన కొలది క్రొత్త రుచి వచ్చి, పులస యను పేరు పొందును. ఒక్కొక్క తల్లి లక్షల కొలది గ్రుడ్లు పెట్టును. పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి, పిమ్మట సముద్రము చేరును. కావున దీనికి పుట్టినిల్లు నది, మెట్టినిల్లు సముద్రము. పురిటికి మరల పుట్టింటికే రావలెను.

ఆ దారి నేడు ఇరుకైనది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరమున పూర్తి చేయించిన ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. ఆ మేలు మరువరానిది. కాని అక్కడనే చేప దారికి అడ్డు పడినది. గంగానదిపై 1975లో ఫరక్కా బరాజు పనిచేయ నారంభించిన పిదప, పూర్వము అలహాబాదు దాటి పోయిన ఇలీష్ ఎగువన అరుదైపోయినది. ఈ అడ్డంకులకు తోడు సన్నకన్నుల వలలు, మురికినీరు చేరినవి.

అమెరికా వాయవ్యతీరమున సామన్ చేప కథయు ఇట్టిదే. అది తగ్గగా, దానినే నమ్ముకొన్న ఓర్కా తిమింగిలముల మంద ఒకటి ఎనుబదికి లోపైనది. అక్కడి ఎల్వా నదిపై రెండు ఆనకట్టలను 2011 మొదలు 2014 వరకు తొలగించి సామన్‌కు దారి యిచ్చిరి. మన కోరింగ మడ అడవులలోని నీటికుక్కలును, బావురుపిల్లులును చేపలపైననే బ్రతుకును. జాలరి కుటుంబముల సంగతి వేరుగ చెప్పనేల?

మనము ఆనకట్టలు పడగొట్టనక్కరలేదు. పంటలు మనకు కావలెను. బంగ్లాదేశము మరియొక మార్గము చూపినది. ఆశ్వయుజ పున్నమి ప్రాంతమున 22 దినములు వేట మాన్పించి, పిల్లచేపలను పట్టరాదని శాసించి, ఆ దినములలో జాలరులకు బియ్యమిచ్చిరి. 2002-03లో సుమారు రెండు లక్షల టన్నులున్న రాబడి 2018-19 నాటికి ఐదు లక్షలు దాటెను.

మన తూర్పుతీరమున వేటనిషేధము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు. పులస నదికి వచ్చునది అటుపిమ్మట! కావలి ముగిసిన తరువాత తల్లిచేప గడప త్రొక్కుచున్నది. కావున అది గ్రుడ్లు పెట్టు దినములలోను కొంతకాలము వేట ఆపి, జాలరులకు భృతి నీయవలెను. ఆనకట్ట వద్ద చేప ఎక్కిపోవుటకు మెట్లదారి కావలెను. వానలు వెనుదీసిన పిమ్మటను పిల్లలు సముద్రము చేరుటకు తగిన నీరు విడువవలెను.

గోదావరి మనకు దూరమనుకొనరాదు. 2015 నుండి ఎల్లంపల్లి జలాశయపు నీరు జంటనగరముల కుళాయిలకు వచ్చుచున్నది. ఆ నది నీరు త్రాగువారము, ఆ నది బిడ్డలకు కొంత మిగుల్చుట ధర్మము. అంగడిలో పిల్లచేపను కొనక మానుట మన చేతిలోని పని. గ్రుడ్లతో నున్న పులసకే ఎక్కువ వెల యిచ్చు మనము, ఆ గ్రుడ్లు నదిలో పడిననే రేపటి పులస యుండునని తలచుకొందుము గాక.