ఎడారి యాత్రయు అతిథి ధర్మమును

(విద్యార్థుల విహారయాత్రకు ముందు పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభయందు కార్యవర్గము పక్షమున గావించిన ప్రసంగ పాఠము)



ఈ యేటి శీతకాలపు సెలవులలో మన విద్యార్థులను రాజస్థానమునందలి జైసల్మేరు ఎడారికి తీసికొనిపోవ నిశ్చయించితిమి. నలుబదిమంది బాలబాలికలు ఆరు దినములు ఆ ప్రాంతమున గడపుదురు. బస, రుసుము, తోడుగా పోవు ఉపాధ్యాయులు మొదలగు వివరములు మీకు పంపిన కరపత్రమున ఉన్నవి. నేడు మేము మనవి చేయదలచినది వేరొక సంగతి. పిల్లలు యాత్రనుండి ఏమి నేర్చుకొని వత్తురని మనమందరము ఆలోచింతుము. వారు అచ్చట ఏమి విడిచి వత్తురని ఆలోచించువారు అరుదు. ఎడారి విషయమున ఈ రెండవ ప్రశ్న చాల ముఖ్యమైనది. అచ్చట వాడిన నీరు తిరిగి రాదు. పారవేసిన వస్తువు చెక్కుచెదరక పడియుండును.

థార్ ఎడారి యనగానే నిర్జనమైన ఇసుక మైదానము మన కన్నులకు కట్టును. నిజమునకు ప్రపంచమునందలి ఎడారులలో జనులు దట్టముగా నివసించు ఎడారి అది. అచ్చట గ్రామములు కలవు, గొర్రెల మందలు కలవు, సజ్జచేలు కలవు. అయినను జైసల్మేరు ప్రాంతమున సాలుకు సగటున 200 మిల్లీమీటర్ల వానయైనను కురియదు. మన షోలాపురము కరవునకు పేరుపడిన ఊరు. ఇచ్చట దానికి రెండింతలకు మించి వర్షము పడును. కుళాయి నీరు నాలుగైదు దినములకొకమారు వచ్చిన రోజులలో బిందెలును పీపాలును నింపుకొని, కూరలు కడిగిన నీటిని మొక్కకు పోసి సంసారములు గడిపిన తల్లులు ఈ సభలో పెక్కుమంది ఉన్నారు. ఎడారి గృహిణి ఏడాది పొడుగునను చేయు పని అదియే. కావున నీటి పొదుపును గూర్చి మీకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. మీకు తెలిసిన దానిని పిల్లల చేతికి అప్పగింపుడని మాత్రమే మా కోరిక.

అనుపమ్ మిశ్ర గారు 1995లో ప్రకటించిన ‘రాజస్థాన్ కీ రజత్ బూందే’ యను హిందీ గ్రంథమున ఎడారివారి నీటి నేర్పు సవిస్తరముగా వర్ణింపబడినది. వారు నీటిని మూడు విధములుగా విభజింతురు. వానగా కురిసి చెరువులలోను తొట్లలోను చేరినది పాలర్ నీరు. లోతు బావులలో దొరకునది పాతాళపు నీరు. అది పెక్కు చోట్ల ఉప్పన. ఈ రెండింటి నడుమ మూడవది రెజాణి నీరు. కొన్ని తావుల ఇసుక క్రింద జిప్సము పొర యుండును. కురిసిన వాన ఆ పొరను దాటి క్రిందికి పోలేక, ఇసుకలో చెమ్మయై నిలుచును. అచ్చట ఇరుకైన చిన్న బావిని త్రవ్వినచో ఆ చెమ్మ బొట్టుబొట్టుగా ఊరి, మంచినీరై చేరును. ఇంటి ముంగిట నుండు టాంకా మరియొక యేర్పాటు. అది నేలలో కట్టిన తొట్టి. దాని చుట్టు నున్న వాలునేలను వానకాలమునకు ముందు ఊడ్చి శుభ్రపరచి, ఆ నేలపై పడిన వాననంతయు తొట్టిలోనికి మళ్లింతురు. ఆ నేలను మురికిచేయుట త్రాగు నీటిని మురికిచేయుటయే. మన బాలుడు తెలియక అచ్చట ఒక కాగితపు పొట్లము పారవేసినచో, అది యొక కుటుంబము మంచినీటిలో పారవేసినట్లగును.

‘నేడు అచ్చటికి కాలువ నీరు వచ్చినది గదా!’ అని కొందరు అడుగవచ్చును. వచ్చిన మాట నిజమే. 1958లో పని ఆరంభమై, తరువాత ఇందిరాగాంధీ కాలువ యని పేరుపొందిన కాలువ పంజాబులోని హరికే ఆనకట్ట నుండి సుమారు 650 కిలోమీటర్ల పొడవున ఎడారిలోనికి సాగినది. పిల్లవాడు స్నానమునకు విప్పి మరచిన కుళాయిలో అంతదూరము ప్రయాణము చేసివచ్చిన నీరు పోవుచుండును. అంతియే కాదు. నీరు కొరవడుటచేత కలుగు హాని యొకటి, అధికమైన నీటిచేత కలుగు హాని మరియొకటి. జైసల్మేరు కోట ఈ రెండవదానికి నిదర్శనము.

1156లో రావల్ జైసల్ కట్టించిన ఆ కోటలో నేటికిని వేలాది జనులు కాపురముండిరి. 2013లో రాజస్థానమునందలి గిరిదుర్గములతోపాటు అది యునెస్కోవారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. కోట నిలిచిన కొండ మెత్తని రాయియు బంకమన్నును గలది. పూర్వము నీటిని కడవలతో పైకి మోసికొనిపోయెడివారు. వాడుకయు కొద్ది, మురుగును కొద్ది. గొట్టముల నీరు వచ్చి, యాత్రికులకై వసతిగృహములు వెలసిన పిమ్మట వాడుక పెక్కు రెట్లు పెరిగెను. ఆ మురుగునీరు పునాదులలోనికి ఇంకి మన్నును మెత్తబరచగా, కొన్ని బురుజులును గోడలును కూలినవి. శత్రువుల ముట్టడులకు తట్టుకొన్న కోటకు అతిథుల స్నానపు నీరు ముప్పు తెచ్చినది. ఈ కారణముచేతనే మేము కోటలో బస ఏర్పాటు చేయలేదు. కోటను పగలు చూచి, రాత్రి క్రిందనున్న ఊరిలో విశ్రమింతుము. స్నానమునకు ఒక్కొక్కరికి ఒక్క బాల్టీ నీరు. త్రాగు నీటికి మాత్రము ఎట్టి నిర్బంధమును లేదు. ఎడారిలో దప్పికను అణచుకొనుట పొదుపు కాదు, అపాయము.

ఇక చెత్త మాట. తేమగల నేలలో అరటితొక్క కొలదివారములలో క్రుళ్లి మన్నులో కలియును. ఎడారిలో తేమ లేదు, క్రుళ్లింపజేయు సూక్ష్మజీవులును తక్కువ. తొక్క ఎండి తోలువలె నెలల తరబడి నిలుచును. ప్లాస్టిక్కు సంగతి చెప్పనక్కరలేదు. అది ఎండకు పెళుసై ముక్కలగునే గాని నశింపదు. గాలికి ఎగిరి ముండ్లకంపలకు తగులుకొనును. మేకయు ఆవును ఒంటెయు దానిని మేతయని మ్రింగును. దుబాయిలో పశువైద్యులు 2008 మొదలు సుమారు 30,000 ఒంటెల కళేబరములను పరిశీలింపగా, వానిలో 300 ఒంటెల కడుపులలో ప్లాస్టిక్కు సంచుల ముద్దలు కనబడినవి. ఆ ముద్ద కడుపులోనున్న ఒంటెకు ఆకలి తెలియదు. అది మేత మాని కృశించి మరణించును.

ఎంగిలి ఆహారము పారవేయుటవలన మరియొక కీడు కలదు. పర్యాటకుల గుడారముల చుట్టు చెత్త పోగైనచోట ఊరకుక్కలు పెరుగును. ఆ కుక్కలు ఎడారి జింకలను తరుమును. నేలపై గ్రుడ్డు పెట్టు పక్షుల గ్రుడ్లను పిల్లలను తినును. అట్టి పక్షులలో ముఖ్యమైనది బట్టమేకపిట్ట. ఇది మనకు పరాయి పక్షి కాదు. మరాఠీలో మాళ్‌ఢోక్ అని పిలువబడు ఈ పక్షికొరకే మన షోలాపురము చెంత నాన్నజ్‌లో 1979లో అభయారణ్యము ఏర్పడినది. కర్నూలు సీమలోని రోళ్లపాడులో 1988లో మరియొకటి ఏర్పడినది. నేడు ఈ రెండుచోట్లను ఆ పక్షి కానవచ్చుట గగనమైపోయినది. దేశమున స్వేచ్ఛగా తిరుగుచు మిగిలినవి 150 లోపేయని అంచనా. వానిలో అత్యధిక భాగము జైసల్మేరు ప్రాంతముననే ఉన్నది. సాధారణముగా అది ఈతకు ఒక్క గ్రుడ్డే పెట్టును. మన ఊరిలో పోగొట్టుకొన్న దానిని అచ్చట చూడబోవుచు, అచ్చటను పోగొట్టుట న్యాయమా?

ఆ నేలలో మనకు మరియొక బంధువు కలదు. అది జమ్మిచెట్టు. విజయదశమినాడు మన పిల్లలు జమ్మియాకును పెద్దల చేతులలో ఉంచి నమస్కరింతురు గదా! ఆ జమ్మియే రాజస్థానమున ఖేజ్డీ యను పేర రాష్ట్రవృక్షమైనది. తెలంగాణమునకును అదియే రాష్ట్రవృక్షము. ఎడారిలో దాని నీడ మనిషికి, ఆకు పశువుకు, కాయ కూరకు. ‘సాంగ్రీ’ యని అచ్చట వండి పెట్టునది జమ్మికాయయే. 1730లో జోధ్‌పూరునకు సమీపముననున్న ఖేజడ్లీ గ్రామములో రాజభటులు రాజప్రాసాద నిర్మాణమునకు కావలసిన సున్నపు బట్టీలకై ఆ చెట్లను నరుకవచ్చిరి. బిష్ణోయి మతస్థురాలైన అమృతాదేవి చెట్టును కౌగిలించుకొని ప్రాణమిచ్చెను. ఆమె వెంట మొత్తము 363 మంది బలియైరి. అట్టి నేలపై వినోదమునకై కట్టెలు పేర్చి నెగడు వేయించుట మాకు రుచింపలేదు. డిసెంబరు రాత్రులు అచ్చట మిక్కిలి చలిగా ఉండును. దానికి షోలాపురపు దుప్పటి చాలును. మన మగ్గముల సరకు ఆపాటి చలికి వెరవదు.

ప్రయాణము పోకరాకలందును రైలుమీదనే. విమానముకన్న దీనికి కాలము ఎక్కువ పట్టును. కాని తలకు వ్యయమగు ఇంధనము చాల తక్కువ. దక్కన్ నల్లరేగడి క్రమముగా ఇసుకనేలగా మారుట కిటికీలోనుండి చూచుటయు చదువే. తిన్నెలపైకి జీపులను ఉరికించు వినోదమును మేము పూర్తిగా మానితిమి. జీపుచక్రములు ఇసుకను పట్టి నిలిపిన గడ్డిదుబ్బులను పెరికివేయును. పిల్లలు కాలినడకనో, ఒంటెలపైననో పోవుదురు. 2012 పశుగణనలో దేశమున సుమారు 4 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి 2.5 లక్షలకు తగ్గినవి. పని లేని పశువును కాపరి పోషింపజాలడు. మనమిచ్చు బాడుగ ఆ కాపరికి ఆధారమగును. అతిథి రాకవలన ఊరికి కలుగు మేలు ఇట్టిది; ఈ మేలు దక్కించి, కీడు తొలగించుటయే మా యత్నము.

ఇక మీవలన మాకు కావలసిన సాయము. ఒక చిన్న లెక్క చూడుడు. నలుబదిమంది పిల్లలు దినమునకు మూడేసి నీటిసీసాలు కొనినచో, ఆరు దినములకు 720 సీసాలగును. ఆ 720 సీసాలు ఎడారిలోనే మిగులును. మేము ఇరువది లీటర్ల పెద్ద డబ్బాలలో శుద్ధిచేసిన నీటిని తెప్పించుచున్నాము. డబ్బాలు ఖాళీకాగానే అమ్మినవానికే తిరిగి పోవును. కావున ప్రతి బిడ్డతోను ఒక ఉక్కుసీసా, ఒక పళ్లెము, ఒక గ్లాసు పంపుడు. కాగితపు రుమాళ్లకు మారుగా రెండు తువ్వాళ్లు పంపుడు. కొనిన వస్తువులకొక గుడ్డసంచి, చెత్తకొక గట్టిసంచి పంపుడు. మిఠాయిలు, మురుకులు, అటుకులు ఇంట చేసి డబ్బాలలో పెట్టుడు, పొట్లములు వద్దు. ప్లాస్టిక్కు పళ్లెములు, చెంచాలు, గ్రుక్కగొట్టములు మున్నగువానిని 2022 జూలై 1వ తేదీనుండి ప్రభుత్వము నిషేధించినది. అందుచే అవి సంచిలో ఉండనేరాదు. ఉప్పు, పంచదార కలిపిన పొడిపొట్లములు మాత్రము శరీరమున నీరు తగ్గినప్పుడు ఉపకరించును గనుక ఉపాధ్యాయుల వద్ద ఉండును. పెద్ద బాలికల అవసరములను గూర్చి ఉపాధ్యాయినులు తల్లులతో వేరుగా మాటలాడుదురు.

‘ఇంత పెద్ద ఎడారిలో మన నలుబదిమంది ఏపాటి?’ అను ప్రశ్న సహజమైనది. ప్రతి పాఠశాలయు ప్రతి కుటుంబమును ఇట్లే అనుకొనుటవలననే ఇసుకతిన్నెల మొదట చెత్తతిన్నె లేచుచున్నది. అదిగాక, మనకు వర్తించు విశేషమొకటి కలదు. మన తాతముత్తాతలు తెలంగాణ పల్లెలనుండి మగ్గపు పనిని చేతబట్టుకొని ఈ మహారాష్ట్ర భూమికి వచ్చిరి. ఈ నేల వారికి చోటిచ్చినది. పరుల ఊరిలో ఎట్లు మసలుకొనవలెనో, బావి వద్ద ఎంత తోడుకొనవలెనో, వాకిలి ఎట్లు ఉంచుకొనవలెనో వారు ఎరిగి నడచుటచేతనే మనకు ఇచ్చట గౌరవము నిలిచినది. అతిథి ధర్మము మన వంశములకు పుస్తకములవలన అబ్బిన విద్య కాదు. ఆ విద్యను మనవలు మరువకుండ చూచుట మన భాషను నిలుపుకొనుటతో సమానమైన పని.

యాత్రనుండి తిరిగివచ్చిన దినమున రైలుస్టేషనులో పిల్లలను చేర్చుకొనుటకు మీరందరును రాగలరు. అప్పుడు ప్రతి బిడ్డయు తన చెత్తసంచిని వెంట తెచ్చును. వానిని ఇచ్చటనే తూచి, ఆ తూకమును రాబోవు సంచికలో ప్రకటింతుము. ఏ బిడ్డ సంచియైన ఖాళీగా వచ్చినచో, చెత్త లేక ఖాళీయయ్యెనా, లేక దారిలో పారవేసిరా యని మీరే ఇంట మెల్లగా అడిగి తెలిసికొనుడు. తేలికయైన సంచితో, నిండిన మనస్సుతో పిల్లలు క్షేమముగా తిరిగిరావలెనని కోరుచున్నాము.