నేను డిలీట్ చేసిన మిద్దె వీడియో

 

ఈ ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్లు లేవు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. నేను, మైకు, నా వెనకాల మా అవ్వ గది. అంతే. మన ఛానెల్‌లో ఎక్కువమంది చూసిన షార్ట్ ఒకటి ఉండేది, గుర్తుందా? "మా మిద్దె మీద పచ్చగడ్డి" అని. 58 సెకన్లు. అన్నా అది కనపడట్లేదు, కాపీరైట్ పడిందా అని చాలామంది అడుగుతున్నారు. కాపీరైట్ ఏం పడలేదు. నేనే తీసేశాను. ఎందుకు తీసేశానో ఇవాళ చెప్తాను. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను బీటెక్ చేసి, బెంగళూరులో కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేసి అనంతపురం జిల్లాలో మా ఊరికి వచ్చేశాను. వచ్చేముందు తమిళనాడులో పది రోజుల నేచురల్ బిల్డింగ్ వర్క్‌షాప్‌కి వెళ్ళాను. మట్టితో ఇల్లు కట్టడం చేత్తో నేర్పిస్తారు.

అక్కడ మొదటి రోజు పని ఏంటో తెలుసా? సీసాలో మట్టి ఊపడం. సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు పోసి, బాగా ఊపి పక్కన పెట్టాలి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుక్కి దిగిపోతుంది. ఒండ్రు కొన్ని గంటలు తీసుకుంటుంది. బంక మాత్రం మర్నాటికి గానీ దిగదు. మూడూ చారల్లాగా కనపడతాయి. బంక ఎక్కువుంటే గోడ ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, ఇసుక ఎక్కువుంటే రాలిపోతుంది. తర్వాత టార్పాలిన్ మీద మట్టి, ఇసుక, వరిగడ్డి వేసి కాళ్ళతో తొక్కడం. ఏడేళ్ళు ఏసీలో కూర్చున్న కాళ్ళు కదా, రెండో రోజుకి మెట్లు దిగలేకపోయాను. తొక్కిన ముద్దలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ గోడ లేపాలి. దాన్నే కాబ్ అంటారు. రోజుకి అడుగు, మహా అయితే అడుగున్నర. తొందరపడి ఇంకా లేపామనుకోండి, కింది తడి మట్టికి పొట్ట వస్తుంది. మా బ్యాచ్‌లో నా గోడకే వచ్చింది. కొట్టేసి మళ్ళీ కట్టాను. అందుకే గోడ సంగతి ఇప్పటికీ నా చేతులకి గుర్తుంది.

లివింగ్ రూఫ్, అంటే గడ్డీ మొక్కలూ పెరిగే కప్పు, అది మాత్రం చేత్తో చెయ్యలేదు. ఒక మధ్యాహ్నం స్లైడ్లు చూశాం. నార్వేలో చెక్క ఇళ్ళు, పైన నిండుగా గడ్డి. ఎంత బాగుంటాయో! నేను ఫోన్లో ఫొటో తీసుకున్నాను. మొత్తం తప్పు అక్కడే మొదలైంది.

మా ఇల్లు పాత మట్టి మిద్దె. రాయలసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్తాను. రాళ్ళూ మట్టితో లావు గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు దగ్గర దగ్గరగా పేర్చి, ఆకు పరిచి, బంకమట్టి వేసి, అన్నిటికన్నా పైన చౌడు మన్ను. గది మధ్యలో వెలుతురుకి గవాచి. మే నెలలో కూడా లోపల ఫ్యాన్ లేకుండా పడుకోవచ్చు. నాన్న పక్కన స్లాబ్ గది కట్టించుకున్నాడు. అవ్వ మాత్రం మిద్దె గది వదల్లేదు.

పోయిన సంవత్సరం తొలకరికి నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఆ గది మిద్దె మీద నాలుగు అంగుళాలు తోట మట్టి, పశువుల ఎరువు కలిపి పోశాం. చెరువు గట్టు నుంచి గడ్డి పెళ్ళలు తెచ్చి పరిచాం. అవ్వ కింద నుంచి అరుస్తానే ఉంది. "ఒరే, మిద్దె మింద గడ్డి పెరికేదానికి మా పానాలు పోయ, నువ్వు తెచ్చి నాటతాండావా?" అని. ఫ్రెండ్స్, ఆ మాట నేను రికార్డ్ చేసి, దానికి నవ్వుల సౌండ్ ఎఫెక్ట్ పెట్టి, వీడియో చివర్లో వేశాను. వీడియో వైరల్ అయింది అందుకే. ఆవిడ చెప్పింది సాంకేతిక సలహా అని నాకు అర్థం కాలేదు.

అక్టోబర్‌లో తుఫాను వాన పట్టింది. మా ఊరికి అలాంటి వాన అరుదు. అనంతపురంలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది. రెండో రాత్రి రెండున్నరకి అవ్వ పిలిచింది. నెత్తిన మన్ను రాలుతోంది అంది. టార్చ్ వేసి చూస్తే, మంచం మీద దంతె ఒకటి మధ్యలో విచ్చుకుని కిందికి వంగి ఉంది. దాని పక్కన సన్నగా ధార. అవ్వని ఎత్తుకుని నాన్న గదిలోకి తెచ్చాను. మంచం తియ్యడానికి వెనక్కి వెళ్తుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. ఇంకో ఇరవై నిమిషాలకి ఆ దంతె విరిగి, దాని మీదున్న మట్టంతా మంచం మీద పడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ చప్పుడు నేను మర్చిపోలేను.

వాన తగ్గాక మా ఊర్లో మిద్దెలు కప్పే పెద్దాయన్ని తీసుకొచ్చాను. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళే లేరు, ఆయన కూడా మానేసి చాలా ఏళ్ళయింది. ఆయన పైకెక్కి గడ్డి పెళ్ళ ఒకటి లేపి, కింద చౌడులోకి దిగిన వేర్లు చూపించాడు. "నాయనా, ఇది కుండకి బొక్క పొడిచినట్టు" అన్నాడు.

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్తాను, స్కిప్ చెయ్యకండి. చౌడు అంటే ఏంటి? సోడియం ఎక్కువున్న మట్టి. తడి తగలగానే అందులో బంక రేణువులు ఉబ్బి, విడిపోయి, సందుల్లో ఇరుక్కుని నీటి దారులన్నీ మూసేస్తాయి. నీళ్ళు లోపలికి దిగవు. అందుకే చౌడు భూమిలో పంట రాదు, రైతులు జిప్సం చల్లి బాగుచేసుకుంటారు. జిప్సంలో ఉండే కాల్షియం ఆ సోడియాన్ని తప్పిస్తుంది. అంటే పొలంలో బగ్ అయినదే మా పెద్దవాళ్ళకి మిద్దె మీద ఫీచర్. ఏమీ మొలవని మట్టినే వెతికి తెచ్చి పైన వేశారు. ఏటా వానలకి ముందు మిద్దెక్కి, ఎక్కడైనా గడ్డి మొలిస్తే పీకి, కొత్త చౌడు చల్లేవాళ్ళు. నేనేమో దాని మీదికి ఎరువు మోసి, గడ్డి నాటి, నీళ్ళు కూడా పోశాను.

మరి నార్వేలో ఎలా పనిచేస్తుంది అంటారా? తర్వాత చదివితే తెలిసింది. అక్కడ నీళ్ళని ఆపేది గడ్డి కాదు, దాని కింద పొరలు పొరలుగా పరిచిన బర్చ్ చెట్టు బెరడు. ఆ బెరడు చుట్టుకుపోకుండా, గాలికి లేచిపోకుండా అణిచి పెట్టే బరువే గడ్డి పెళ్ళలు. అవి కూడా రెండు వరసలు. కింది వరస గడ్డిని కిందికి తిప్పి, పై వరస గడ్డి పైకి. చదరపు మీటరుకి దాదాపు 250 కిలోలు, చలికాలం మంచు పడితే 400, 500 దాకా పోతుంది. ఆ బరువుకి తగ్గట్టే ఇల్లు కడతారు. నా స్లైడ్‌లో బెరడు కనపడదు కదా, గడ్డి ఒక్కటే కనపడుతుంది.

ఇక బరువు లెక్క. ఇంజినీర్ని అని చెప్పుకుంటాను, ఈ లెక్క వాన పడ్డాకే వేశాను. అవ్వ గది 10 అడుగులకి 12 అడుగులు, అంటే 11 చదరపు మీటర్లు. నాలుగు అంగుళాలంటే 10 సెంటీమీటర్లు. 1.1 ఘనపు మీటర్ల మట్టి. పొడిగా ఉంటే దాదాపు టన్నున్నర. నానితే రెండు టన్నులు. అవ్వ నిద్రపోతున్న గది మీద రెండు స్విఫ్ట్ కార్లు పార్క్ చేసినట్టు. అది కూడా ఉన్న చౌడు బరువు కాక అదనంగా.

మాది స్లాబే కదా, మాకేంటి అనుకోకండి. మనుషులు ఎక్కి తిరిగే డాబాకి మన ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకి 150 కిలోల దాకానే. నాలుగు అంగుళాల తడి మట్టి ఒక్కటే 180 దాటుతుంది. స్ట్రక్చర్ తెలిసిన సివిల్ ఇంజినీరు వచ్చి చూసి సరే అన్నాకే పైకి మట్టి ఎక్కించండి. నా వీడియో చూసి కాదు, ఎవరి వీడియో చూసీ కాదు.

ఈ మాట ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే... ఆ షార్ట్ కింద ఒక తమ్ముడు అడిగాడు. అన్నా, మాది కూడా పాత మిద్దె, ఎన్ని అంగుళాలు పొయ్యాలి అని. నేను బస్సులో కూర్చుని, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, "4 ఇంచెస్ చాలు తమ్ముడూ" అని రిప్లై ఇచ్చి లవ్ సింబల్ పెట్టాను. మా దంతె విరిగిన తెల్లారి మొదట గుర్తొచ్చింది ఆ కామెంటే. మెసేజ్ పెట్టాను, చూడలేదు. వాళ్ళ ఊరు తెలుసుకుని, తెలిసినవాళ్ళని పట్టుకుని నంబర్ సంపాదించేసరికి మూడు రోజులు పట్టింది. ట్రాక్టర్ మట్టి తోలించి సగం మిద్దెకి పోశాడట. వాళ్ళ వైపు ఇంకా గట్టి వాన పడలేదు. ఫోన్లోనే బతిమాలాను. ఆ మర్నాడు వాళ్ళ నాన్నా తనూ కలిసి దించేశారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి ఆ వీడియో తీసేశాను.

అవ్వ గది బాగుచెయ్యడానికి నెల పట్టింది. పాత మట్టి మొత్తం దించి, విరిగిన దంతెతో పాటు చెద పట్టిన ఇంకో రెండు కూడా మార్చాం. పెద్దాయన కింద నిలబడి చెప్తుంటే నేను మోశాను. చౌడు గుర్తుపట్టడం నేర్పించాడు. నేలమీద తెల్లగా పొంగి, కాలు పెడితే బూడిదలా మెత్తగా ఉంటుంది. తెచ్చిన చౌడుని గుంటలా చేసి నీళ్ళు పోసి, ఎంతసేపు నిలుస్తాయో చూశాడు. సీసా లేదు, చారలు లేవు, కానీ ఇదీ టెస్టే కదా. మిద్దె వాలు చూడ్డానికి చెంబుడు నీళ్ళు ఒలకబోసి, ఎటు పోతాయో చూశాడు. నేను ఫోన్లో లెవెల్ యాప్ తీసేలోపే ఆయనకి తెలిసిపోయింది. ఈ నెల రోజుల్లో నేర్చుకున్నది వర్క్‌షాప్ కన్నా తక్కువేం కాదు.

అయితే లివింగ్ రూఫ్ వదిలేశానా? లేదు. మేకల కొట్టం మీద వేశాను, 6 అడుగులకి 8. అది కూలినా మేకలు బయట ఉండేలా పగటిపూటే మూడు నెలలు వాడి చూశాం. ఈసారి బరువు ముందు లెక్కేసి, నీలగిరి దుంగలు దగ్గర దగ్గరగా వేసి, పైన పలకలు కొట్టాను. పలకల మీద ఫారం పాండ్‌కి వేసే 500 మైక్రాన్ల షీటు, ఒకే ముక్క, అతుకు లేకుండా. ప్లాస్టిక్ వాడి నేచురల్ అంటావా అని కామెంట్ పెడతారు, తెలుసు. ప్లాస్టిక్కే. అనంతపురంలో బర్చ్ చెట్లు లేవు మరి. షీటు మీద సన్న కంకర, కంకరలోకి మన్ను దిగకుండా ఒక గుడ్డ, ఆపైన మూడు అంగుళాల తేలిక మిశ్రమం. మట్టి తక్కువ, ఇసుక, కొబ్బరి పొట్టు, పెంకుల ముక్కలు ఎక్కువ. అంచు చెక్కకి నీళ్ళు పోయే బొక్కలు. అన్నీ పూర్తయ్యాక కాదు, షీటు వేసిన రోజే దాని మీద ఆరు బిందెలు నీళ్ళు పోసి, కింద రాత్రంతా కాగితాలు పరిచి ఉంచాను. ఒక్క చుక్క పడలేదు. అప్పుడే పైన మట్టి వేశాను.

మొక్కలు ఇక్కడివే. గంగవాయిలు కూర బాగా పాకింది, దాని ఆకులో నీళ్ళుంటాయి కాబట్టి ఎండకి ఓర్చుకుంటుంది. కానీ ఏప్రిల్, మే వస్తే అది కూడా ఎండిపోతుంది. కప్పంతా గోధుమరంగు. తాగే నీళ్ళకి ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊర్లో గడ్డికి పైపు పెట్టి తడపడం నాకు ఇష్టం లేదు, కాబట్టి ఎండాకాలం అది అలాగే ఉంటుంది. వాన పడితే మళ్ళీ మొలుస్తుంది. ఏడాదంతా పచ్చగా ఉండే ఫొటో కావాలంటే మా ఊర్లో దొరకదు.

నేర్చుకుందామనుకునేవాళ్ళు అడ్రస్‌లు అడుగుతున్నారు. ఆరోవిల్‌లో ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, నొక్కి చేసిన మట్టి ఇటుకలు, ఆర్చీలు నేర్పిస్తారు. తిరువనంతపురంలో లారీ బేకర్ కట్టిన ఇళ్ళు వెళ్ళి చూడొచ్చు. కానీ ఎక్కడికి వెళ్ళినా ముందు ఒక ప్రశ్న అడగండి. కప్పు కూడా చేత్తో చేయిస్తారా, లేక స్లైడ్లేనా? వచ్చాక ఇంటి మీద మొదలుపెట్టకండి. ఒక అరుగు కట్టండి, ఒక పొయ్యి కట్టండి, ఒక వానాకాలం చూడండి. మీ ఊర్లో పాత ఇళ్ళు కప్పిన పెద్దవాళ్ళు ఒక్కరైనా ఉంటే, ఆయన్ని మిద్దె ఎక్కించగలిగే వయసులో ఉండగానే వెళ్ళి కలవండి.

అవ్వ తిరిగి ఆ గదిలోకే వెళ్ళింది. నేను ఇంకో మూడు నెలలు ఆగమన్నా వినలేదు. పోయిన వారం కొట్టం మీద గంగవాయిలు కూర కోయించుకుని పప్పులో వేసింది. బాగుంది అందా? అనలేదు. "మేకలు ఎక్కకుండా కంప కొట్టురా" అంది. రేపు ఆ పని మీదే ఉంటాను.

వచ్చే ఎపిసోడ్‌లో సీసా టెస్ట్ లైవ్‌లో చేద్దాం. మీ పెరట్లో మట్టి పిడికెడు, మూతున్న సీసా ఒకటి రెడీగా పెట్టుకోండి. ఉంటాను.