కోడ్ పడగానే సెన్సార్ మార్చేయాలా?



బండి మిస్సింగ్ కొడుతోందని, ఐడ్లింగ్ నిలవట్లేదని కస్టమర్ రాగానే స్కానర్ పెట్టడం, తెర మీద పేరు కనిపించిన సెన్సార్‌ను మార్చేయడం చాలా షెడ్లలో అలవాటైపోయింది. డబ్బు పోతుంది, జబ్బు పోదు. కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో, అంతవరకే. ఆ తేడా సెన్సార్‌దా, ఎలక కొరికిన వైరుదా, వదులైన ఎర్త్‌దా అన్నది మల్టీమీటరే తేల్చాలి.

మెదక్ చలికి పేరుపడ్డ ఊరు. డిసెంబరు తెల్లవారుజామున మొరాయించే బండిలో మొదట అనుమానించాల్సింది కూలెంట్ టెంపరేచర్ సెన్సార్‌ను. వేడెక్కేకొద్దీ దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలా మారుతీ బండ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర 300 ఓముల చుట్టూ చూపిస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నా వేడిగా ఉందని సెన్సార్ చెబితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు తగ్గిస్తుంది, ఇంజిన్ అందుకోదు. వేడెక్కాక కూడా చల్లగానే ఉందని చెబితే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. అప్పుడు నల్లపొగ వస్తుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, మైలేజీ పడిపోతుంది. పరీక్షకు పైసా ఖర్చు లేదు. రాత్రంతా ఆగిన బండిలో, స్టార్ట్ చేయకముందే, కూలెంట్ రీడింగూ లోపలికొచ్చే గాలి రీడింగూ దాదాపు ఒకటే ఉండాలి. 20 డిగ్రీల తేడా వచ్చిందంటే రెండింటిలో ఒకటి తప్పు చెబుతున్నట్టే.

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్‌ను పరీక్షించాలంటే ఊరి ఎత్తు కూడా తెలియాలి. మెదక్ సముద్రమట్టానికి దాదాపు 440 మీటర్ల ఎత్తున ఉంది. కీ ఆన్ చేసి ఇంజిన్ ఆపి చూస్తే ఇక్కడ రీడింగ్ సుమారు 96 కిలోపాస్కల్‌లు రావాలి. పుస్తకంలోని 101 రాలేదని మంచి సెన్సార్‌ను పారేస్తే అన్యాయం.

ఇక వాల్వులు. ఐడ్లింగ్ పడిపోతుంటే ఐడిల్ ఎయిర్ వాల్వులో పేరుకున్న కార్బన్‌ను క్లీనర్‌తో శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఐడ్లింగ్ పెరిగితే మాత్రం పగిలిన వాక్యూమ్ హోస్‌నో, తెరుచుకుని ఇరుక్కుపోయిన పీసీవీ (క్రాంక్‌కేస్ ఆవిర్ల) వాల్వునో వెతకాలి. డీజిల్ బండిలో పికప్ పోయి నల్లపొగ వస్తుంటే ఈజీఆర్ వాల్వు (పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) విప్పి చూడాలి.

కోడ్‌లు లేని బండ్ల సంగతి వేరు. 1983లో కార్బురేటర్‌తో వచ్చిన మారుతీ 800కు 2000 ప్రాంతంలోనే ఫ్యుయల్ ఇంజెక్షన్ అందింది. మన దేశంలో ఓబీడీ (బండి తన లోపాన్ని తానే కోడ్‌గా చెప్పే ఏర్పాటు) నిబంధన బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో 2010లో మొదలై, ఓబీడీ-2 అయింది 2013లో. అంతకు ముందటి బండ్లకు మామూలు స్కానర్ చాలాసార్లు పలకదు. అక్కడ మీటరు, చెవి, వైరింగ్ డయాగ్రమ్ చేతిలో ఉన్నవాడే నిజమైన పనిమంతుడు.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపి తాళం ఇచ్చేయకూడదు. నర్సాపూర్ రోడ్డు మీద బండి వేడెక్కేదాకా నడిపి, లైవ్ డేటా మళ్లీ చూడాలి. ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజి 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతుంటేనే బిల్లు రాయాలి.