కొండసేద్యానికి కాగితం బలం
(మల్లాపూర్ విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, మెడికల్ బిల్లుల గురించి ముందు వక్తలు చెప్పారు. నేను గోదావరి అవతలి సంగతి నాలుగు మాటలు మనవి చేస్తాను. మనకు ఉత్తరాన నది దాటితే ఖానాపూర్. ఆ పైన కొండలు ఉట్నూరు, జైనూరు, కెరమెరి దాకా సాగుతాయి. గోండులు, కొలాములు, తోటీలు తరతరాలుగా బతుకుతున్న నేల అది.

వారి పేదరికానికి బద్ధకమే కారణమని కొందరంటారు. అది అన్యాయపు మాట. రాళ్ల నేలలో, వాననే నమ్ముకుని జొన్న, కంది, పత్తి పండించేవారు బద్ధకస్తులెట్లా అవుతారు? వారిలో చాలామందికి దున్నే నేల మీద కాగితం లేదు. పట్టా లేనిదే పాసుపుస్తకం రాదు. పాసుపుస్తకం లేనిదే బ్యాంకులో పంట రుణం పుట్టదు. విత్తనానికీ ఎరువుకూ షావుకారే దిక్కు. పంట చేతికొచ్చాక ఆయన చెప్పిందే ధర, తూచిందే తూకం.

ఈ బాధ పాతది. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసినప్పుడు సాగుభూములు ఆ హద్దు లోపల పడ్డాయి. కుమురం భీం పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణాలిచ్చింది ఆ భూమి కోసమే. తరువాత మానవశాస్త్ర పండితుడు హైమన్‌డార్ఫ్ గారు వచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. వేలాది కుటుంబాలకు పట్టాలూ దక్కాయి. అయితే బయటివారు వచ్చి స్థిరపడేకొద్దీ అప్పు కింద, కౌలు కింద ఆ నేల చేతులు మారింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలు కారాదని 1959, 1970 రెగ్యులేషన్లు వచ్చినా అమలు అంతంత మాత్రమే అయింది. భూమి గోడు చెప్పుకోను 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లికి వచ్చిన గిరిజనులు పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల వరకు హక్కు ఇవ్వవచ్చు. 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ ప్రారంభమైంది. అందినవారికి సంతోషం. అందనివారి సంగతి?

దరఖాస్తుకు కనీసం రెండు రకాల సాక్ష్యం కావాలి. ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా ఇచ్చినా అందులో ఒకటిగా చెల్లుతుంది. తిరస్కరిస్తే ఆ సంగతి దరఖాస్తుదారునికి తెలియజేయాలి. 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. చదువురాని రైతుకు ఈ గడువు సంగతి చెప్పేదెవరు?

మిత్రులారా! సర్వీసంతా మనం చేసిన పని ఇదే. తేదీ చూడడం, జతపరచిన కాగితాలు సరిచూడడం, నోటు రాయడం. గడువు ఒక్కరోజు దాటితే ఒక ఇల్లు ఏమవుతుందో మనకు తెలుసు. అందుకే నా విన్నపం: అంగడి రోజున మనలో ఇద్దరు ముగ్గురం ఖానాపూర్‌లో కూర్చుని పైసా తీసుకోకుండా అప్పీళ్లు రాసిపెడదాం. ప్రతి దరఖాస్తుకూ రశీదు తీసుకునేట్టు చూద్దాం.

సర్వీసు రిజిస్టరులో పేరున్నందుకే మనకు నెలనెలా పెన్షన్ వస్తున్నది. ఆ కొండ రైతు పేరు కూడా ఒక రిజిస్టరుకెక్కాలి.