రక్తరసము చెప్పు వార్త

నెత్తురును గాజుగొట్టములో పోసి, గడ్డకట్టకుండ మందు కలిపి, కదల్పక ఉంచినచో ఎర్రకణములు అడుగునకు దిగును. పైన లేతపసుపు రంగు నీరు తేలును. దీనినే రక్తరసమందురు. ఇందు నూటికి తొంబది పాళ్లు నీరే. మిగిలినదానిలో ముఖ్యమైనవి మాంసకృత్తులు. నూరు మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములు. ఈ కొద్దిపాటి పదార్థము ఒక రోగి ప్రాణమును గురించి ముందుగా ఏమి చెప్పగలదో ఈ పూట శ్రోతలకు మనవి చేయదలచినాము.

ల్యుకీమియా వంటి రక్తపు క్యాన్సరులలో చెడునది ఎముకలలోని మూలుగ. తీవ్రమైన మందులతోను, కొందరికి కిరణములతోను దానిని అణచివేసి, ఆరోగ్యవంతుడైన దాత మూలకణములను రోగి సిరలోనికి ఎక్కింతురు. అవి తమంత తామే ఎముకలకు చేరి కాపురము పెట్టును. అమెరికాలో డాక్టరు డొనాల్ థామస్ 1957లో ఈ చికిత్సను గురించి ప్రకటించెను. తొలి రోగులు దక్కలేదు. ఆయన పట్టు విడువలేదు. 1990లో నోబెల్ బహుమానమందెను. మన దేశమున 1983లో బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో ఈ చికిత్స మొదలైనది.

ఇల్లు పాతది, కాపురము క్రొత్తది. దాత నెత్తురు 'ఏ' వర్గమైనచో 'ఓ' వర్గపు రోగియు కొన్ని మాసములకు 'ఏ' వర్గమువాడగును. రోగములనెదిరించు ప్రతిరక్షకములును క్రమముగా దాత కణములనుండియే పుట్టును. చిన్ననాటి టీకాల ఫలము క్షీణించును గనుక, పెద్దవాడును పసివానివలె మరల టీకాలు వేయించుకొనవలెను. అల్బుమిన్ అను మాంసకృత్తును మాత్రము రోగి సొంత కాలేయమే తయారుచేయును. ఒక్క చుక్కలో ఇద్దరి సొత్తు!

అయితే క్రొత్త కాపురము అన్నివేళల సవ్యముగా సాగదు. దాత తెల్లకణములు రోగి దేహమును పరాయిదిగా తలచి చర్మముపై, కాలేయముపై, పేగులపై తిరుగబడవచ్చును. ఒంటిపై దద్దు, కామెర్లు, ఆగని విరేచనములు దీని గుర్తులు. చిక్కేమనగా, ఆ కణములే మిగిలి దాగిన క్యాన్సరు కణములనుగూడ వెదకి చంపును. వానిని బొత్తిగా అణచినచో పాతవ్యాధి తిరుగబెట్టవచ్చును, అంటురోగములు పైబడవచ్చును. అణచకున్నచో రోగియే దక్కకపోవచ్చును. ఎవరికి, ఎప్పుడు, ఎంత మందు ఇయ్యవలెననునదే వైద్యుని ముందున్న ప్రశ్న.

చెరువుగట్టు తెగకముందే దాని అడుగున చెమ్మ ఊరును. తెలిసిన రైతు ఆ చెమ్మను చూచియే మట్టితట్ట అందుకొనును. పేగు గోడలోని కొన్ని కణములు రెగ్-3-ఆల్ఫా అను మాంసకృత్తును తయారుచేసి అచ్చటి సూక్ష్మజీవులను అదుపులో ఉంచును. గోడ దెబ్బతిన్నప్పుడు అది నెత్తురులోనికి ఊరును. అమెరికా పరిశోధకులు దీని సంగతిని 2011లోను, ఎస్.టి.2 అను మరియొకదాని సంగతిని 2013లోను వెల్లడించిరి. మార్పిడి జరిగిన 7వ దినమున, ఏ బాధయు పైకి కనబడకమునుపే, ఈ రెంటిని కొలిచి ముప్పు ఎవరికి అధికమో అంచనా కట్టవచ్చునని 2017లో ప్రకటించిరి.

అంచనా తీర్పు కాదు. కొలత ఎక్కువ వచ్చినవారందరును ప్రమాదమున పడరు. తక్కువ వచ్చినవారు ఏమరుపాటున ఉండరాదు. ఈ పరీక్ష అన్ని ఆసుపత్రులలోను నిత్యకృత్యము కాలేదు. అయినను కణముల లెక్కను, కాలేయపు స్థితిని, అల్బుమిన్ తరుగుదలను తెలుపు మామూలు పరీక్షలు చేయుచునే యుందురు.

రోగి ఇంటివారికి మా మనవి ఒక్కటే. మార్పిడి జరిగి ఇంటికి వచ్చిన పిదప మరల మరల నెత్తురు పరీక్షకు రమ్మన్నప్పుడు, 'మనిషి బాగానే ఉన్నాడు గదా, ఇంకను సూది యెందుకు?' అని విసుగు చెందకుడు. మనిషి బాగుగా ఉన్ననాడు తీసిన నెత్తురే ముందుగా వార్త చెప్పును. గట్టు తెగిన తరువాత చెమ్మను వెదకి ఫలమేమి?