ఉడుత, పాదుకలు, సాలగ్రామము



నిన్నటి సాయంకాలము సేతుబంధన ఘట్టము ముగిసిన పిమ్మట ఒక వృద్ధమాత మా యొద్దకు వచ్చి, "స్వామీ, ఉడుత కథ వాల్మీకములో లేదట! మా మనుమడు చెప్పినాడు. చిన్ననాటి నుండి ఉడుత కనబడినపుడెల్ల దండము పెట్టుకొనుచున్నాను. అదంతయు వృథాయేనా?" అని యడిగినది. ఆమె కన్నులు చెమర్చియుండెను. కావున ఈ ప్రశ్నకు అందఱి యెదుట సమాధానము చెప్పుట యుక్తమని తలచితిమి.

మనుమడు చెప్పినది సత్యమే. వాల్మీకి మహర్షి నలుని చేతను వానరుల చేతను సేతువు కట్టించెను గాని, ఇసుకలో పొర్లిన ఉడుతను చెప్పలేదు. తొండరడిప్పొడి ఆళ్వారు తమ తిరుమాలైలో ఉడుతలను స్మరించిరి. తెనుగున రంగనాథ రామాయణమున ఆ కథ కలదు. శబరి ఎంగిలి పండ్లును ఇట్టివే. మూలమున ఆమె పంపాతీరమునందలి వన్యఫలములను స్వామికై కూర్చియుంచెను. రుచి చూచినట్లు లేదు. ఇక ఊర్మిళ! ఆమె వివాహము బాలకాండమున గలదు. ఆమె నోట ఒక్క పలుకైనను వినము. ఆ మౌనమును మన యిండ్లలోని స్త్రీలు సహింపలేకపోయిరి. 14 ఏండ్లు ఆమెను నిద్రపుచ్చిరి. తిరిగివచ్చిన లక్ష్మణుని పరపురుషుడని తలచి ఆమె మందలించినట్లు పాట కట్టుకొనిరి. ఆ పాట పాడుచు కంటతడి పెట్టని తల్లిని మా బాల్యమున మేము చూడలేదు.

కొందఱు పండితులు వీనిని కల్పనలని త్రోసివేయుదురు. పాఠశాలలో ఒక్క స్వరము తప్పినను మరల మొదటినుండి వల్లింపవలసివచ్చిన మాకు మూలమునందు పట్టుదల తక్కువేమియు లేదు. వేదమున అక్షరము కదలరాదు. కావ్యమునకో, కవితోపాటు సహృదయుడును కావలెను. రసానుభవమున నాది, పరునిది యను భేదము తొలగునని అభినవగుప్తాచార్యుల సిద్ధాంతము. ఊర్మిళకై కన్నీరు విడుచు స్త్రీ తనకేమియు కోరి యేడ్చుట లేదు. కనుక మూలమేదో, తరువాతి వారు చేర్చినదేదో ఎఱిగి చెప్పుదము. చెప్పిన పిదప ఉడుతకు నిక్షేపముగా నమస్కరింతము.

స్థలముల విషయమును అంతే. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున పర్ణశాలలో, వాగు రాళ్ళపై సీతమ్మ చీర ఆరవేసిన జాడలను చూపుదురు. పంచవటి నాసికయందే యని వాదించువారు కలరు. ఆ వాగు గట్టున కూర్చుండినవానికి ఆ వాదము జ్ఞప్తికి రాదు.

వస్తువులయందలి ప్రీతి మాత్రము ఇంత సులభముగా తేలునది కాదు. భరతుడు పాదుకలను శిరమున దాల్చి నందిగ్రామమున 14 సంవత్సరములు వాని పేర రాజ్యమేలెను. వేదాంతదేశికులు ఆ పాదుకలపై 1008 శ్లోకములు రచించిరి. మఱియొక భరతుడు రాజ్యమును, పుత్రులను విడిచి గండకీతీరమున పులహాశ్రమము చేరెను. నీటిలో పడిన లేడిపిల్లను కాపాడి, దానిపై మమకారముచే అనుష్ఠానము మఱచెను. దానినే తలచుచు దేహము విడిచి లేడియై పుట్టెను. (తెలుగు భాగవతమున ఈ పంచమస్కంధము పోతనగారిది కాదు, గంగనగారిది, చాలమంది యెఱుగరు.) లేడిని రక్షించుట తప్పు కాదు. అది కనబడనపుడు మనసు దాని వెంటనే పరుగిడి భగవంతుని విడిచినది. పాదుకలు ఈ భరతునికి రాముని ఒక్క దినమైనను మఱపింపలేదు.

విశేషమేమనగా, సాలగ్రామములు లభించునదియు ఆ గండకియందే. వానిలోని చక్రము ప్రాచీన సముద్రజీవి జాడయని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. చెప్పనిండు, మన తాతముత్తాతల అభిషేకజలము దానిపై పడియున్నది. నిత్యపూజ జరుపలేక, పిల్లలు దూరదేశములందుండగా, ఇంటి సాలగ్రామములను ఆలయములకు అప్పగించువారు నేడు కలరు. ఇచ్చునపుడు వారి చేతులు వణకుట మేము పలుమారులు చూచితిమి. పూజించువారికి ఇచ్చుట దోషము కాదని వారికి చెప్పుచున్నాము. శిలను ఉంచిన రాగిపెట్టెను మాత్రము తమయొద్దనే యుంచుకొందుమని అడిగినవారిని మేమెన్నడును కాదనలేదు.