ఆటల అంగడికి కావలి యెవరు?

(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగపాఠము)



ఉత్తర పినాకినీ తీరమున, ఈ విదురాశ్వత్థమున మనము సమావేశమైతిమి. 1938 ఏప్రిలు 25వ తేదీన జాతీయపతాక సత్యాగ్రహమునకు వచ్చిన ప్రజలపై ఇచ్చటనే కాల్పులు జరిగినవి. అధికారమును ఎవరు, ఎంత మేరకు చెలాయింపవచ్చునను ప్రశ్న ఈ నేలకు క్రొత్త కాదు. నేడు మేము ప్రస్తావింపబోవు విషయము దానితో పోల్చదగినంత గొప్పది కాదు. అయినను అందలి ప్రశ్న అదే.

మన పిల్లలు తెలుగక్షరములను ఆడుచు పాడుచు నేర్వవలెనని మేము కొంతకాలము క్రిందట ఒక చీట్ల ఆటను తయారుచేసితిమి. దానిని ఆన్‌లైన్‌లో ఉంచి, ఎవరైనను ఉచితముగా అచ్చువేసికొనవచ్చునని వ్రాసితిమి. షరతులు రెండే: అమ్మరాదు, సంఘము పేరు తొలగింపరాదు. కొన్ని మాసములకు ఆ చీట్లే ఒక ఆన్‌లైన్ అంగడిలో వెలకు కానవచ్చినవి. మన సంఘము పేరు లేదు. మాకు ఆగ్రహము కలిగినది. సరకు పెట్టనిచ్చి, అమ్మకముపై తమ వంతు పుచ్చుకొను అంగడివారు ముందే ఏల పరీక్షింపరాదని అనుకొంటిమి.

ఫిర్యాదు వ్రాయుటకు మన చీట్లను మరల పరికించితిమి. అందు మూడు బొమ్మలు మేమే ఎచ్చటనుండియో, ఎవరినీ అడుగక తీసికొన్నవని తేలినది. సిగ్గుపడితిమి. ఆ బొమ్మలను తొలగించి, మన విద్యార్థులచేత క్రొత్తవి గీయించి, అటుపిమ్మట ఫిర్యాదు పంపితిమి. నాలుగవ దినమున ఆ సరకు అంగడినుండి తొలగినది. ఈ అనుభవము మా కోపమును తగ్గించి, ఆలోచనను పెంచినది.

చింతామణి సంతనే తలచుకొనుడు. సుంకము వసూలుచేయువాడు ప్రతి గంపను విప్పి చూడడు, చూడలేడు. కాని ఒకడు వచ్చి, “ఈ గంప నాది, ఇదిగో గుర్తు” అని చూపిన పిదప కన్నులు మూసికొనుట అతనికి తగదు. మన దేశపు చట్టమును ఇంచుమించు ఇట్లే నడచుచున్నది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 79వ విభాగము మధ్యవర్తులకు కొన్ని షరతులతో రక్షణ నిచ్చుచున్నది. మైస్పేస్, సూపర్ క్యాసెట్స్ సంస్థల వ్యాజ్యమున ఢిల్లీ ఉన్నత న్యాయస్థానపు ధర్మాసనము 2016 డిసెంబరులో తీర్పు చెప్పుచు, దొంగసరకు ఎక్కడనో ఉండవచ్చునను సామాన్య జ్ఞానము చాలదనియు, ఫలానా కృతి యని నిర్దిష్టముగా తెలిసియుండవలెననియు పేర్కొన్నది. తాత్కాలికముగా నిలువచేయు మధ్యవర్తుల కొరకు 2013 నాటి కాపీరైటు నియమములు ఒక పద్ధతిని చూపినవి. హక్కుదారుడు వ్రాతమూలకముగా తెలిపిన 36 గంటలలో ఆ కృతిని ఆపవలెను. అతడు 21 దినములలో న్యాయస్థానపు ఉత్తరువు తేనిచో మరల తెరువవచ్చును. ఆటల అంగళ్లకును ఇది మంచి మాదిరియే.

అయితే దొంగతనము వేరు, లైసెన్సు తప్పుట వేరు. 2000 సంవత్సరమున అమెరికాలో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ తన “డంజియన్స్ అండ్ డ్రాగన్స్” ఆట నియమములను ఇతర ప్రకాశకులు వాడుకొనుటకు “ఓపెన్ గేమ్ లైసెన్సు”ను ఏర్పరచినది. లైసెన్సు పాఠమును పుస్తకమున ముద్రింపవలెను, ఏ భాగము అందరిదో స్పష్టపరుపవలెను, ప్రత్యేకించిన పేర్లను వాడరాదు. ఇట్టి షరతులను పలువురు చిన్న ప్రకాశకులు తెలియకయే తప్పుటకు వీలున్నది. అందుచేత తప్పు తెలిసిన పిదప దిద్దుకొనుటకు 30 దినముల గడువు ఆ లైసెన్సులోనే కలదు. ఫిర్యాదు రాగానే అంగడివారు పుస్తకమును శాశ్వతముగా తొలగించినచో ఆ గడువునకు అర్థమేమి? మూడు బొమ్మల విషయమున మాకును అట్టి గడువే కావలసియుండెను గదా!

ఇక కావలి బాధ్యత యెవరిది? తోటి ప్రకాశకుల కప్పగింతమా? పోటీదారుడు న్యాయాధిపతి కారాదు. హక్కుదారునికే సర్వాధికార మిత్తమా? 2023 జనవరిలో పైన చెప్పిన సంస్థయే తన లైసెన్సును మార్పజూచి, ఆటగాండ్రు గట్టిగా వ్యతిరేకింపగా వెనుదీసి, ఆ నెల 27వ తేదీన ఆ నియమములను క్రియేటివ్ కామన్స్ క్రింద అందరికిని విడిచిపెట్టినది. యజమానికిని హద్దు అవసరము.

మా అభిప్రాయ మిది. తానేమి అనుమతించెనో హక్కుదారునికే తెలియును గనుక తప్పును చూపుట అతని వంతు. అమ్మకమున భాగము పొందుచున్నది గనుక వెంటనే కదలుట అంగడి వంతు. దిద్దుకొనుటకు నిందితునికి గడువీయవలెను. వివాదము తెగనిచో తీర్పు న్యాయస్థానమునదే.

చిన్నవాడు ప్రపంచమంతయు వెదకగలడా యని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అందుచేతనే అంగడికి మరి కొన్ని విధులుండవలెను. సరకు చేర్చునపుడే ఎవరి అనుమతితో చేర్చుచున్నాడో విక్రేతచేత వ్రాయించుకొనవలెను. పదేపదే తప్పుచేయువానిని వెలివేయవలెను. వివాదములోనున్న సొమ్మును నిలిపియుంచవలెను. ఫిర్యాదును తెలుగునను, కన్నడమునను వ్రాయుటకు వీలు కల్పింపవలెను. మా ఫిర్యాదును ఇంగ్లీషున వ్రాయుటకు ఒక ఉపాధ్యాయుని సాయము కోరవలసి వచ్చినది. బాగేపల్లి పల్లెలోని తల్లికి ఆ సాయ మెవరిత్తురు? భాష రానివాని హక్కు కాగితముమీదనే మిగులును.

హద్దు మీరి హక్కులు చెప్పుటయు తగదు. పులిమేక, అష్టాచెమ్మా నియమములు ఏ ఒక్కరి సొత్తును కావు. భావమునకు కాపీరైటు లేదు, దానిని వ్యక్తపరచిన రూపమునకే కలదని మన సర్వోన్నత న్యాయస్థానము 1978లో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యమున చెప్పియున్నది. ఒకరి చిత్రములను, వ్రాతను అడుగక తీసికొనుటయే తప్పు.

కైవారము నారాయణ తాతయ్యగారి కీర్తనలను మన యూళ్లలో ఎవరైనను పాడుదురు. ఎవరును సుంకము చెల్లింపరు. కాని అమరనారేయణుని ముద్రను తీసివేసి తన పేరు చేర్చుకొనుటకు ఏ భజనపరుడును సాహసింపడు. అచ్చట కావలివాడెవడు? పాడువాని మనస్సాక్షి, వినువారి జ్ఞాపకము.

కావున తలిదండ్రులారా! మీ పిల్లలు ఫోనులో ఒక ఆటను దించుకొనునపుడు దానిని చేసినవారి పేరు చదివింపుడు. బొమ్మ నొకదానిని తీసికొనునపుడు అడిగితివా యని ప్రశ్నింపుడు. మన చీట్లు మరల ఎచ్చటనైన వెలకు కానవచ్చినచో మాకు తెలుపుడు. ఫిర్యాదు వ్రాయు భారము మాది. క్రొత్త బొమ్మలు గీసిన విద్యార్థుల పేర్లు ఇప్పుడు ప్రతి పెట్టెమీద అచ్చయియున్నవి. ఆ పేర్లను కాపాడుట మనందరి పని.